మూడు బతుకమ్మల బిళ్ళ

లింబాద్రి సారుకు పద్దెనిమిది రోజులుగా నిద్ర లేదు. జబ్బు చేసి కాదు, ఇంట్లో పోట్లాట వచ్చీ కాదు. రూపాయి బిళ్ళంత నాణెం ఒకటి వచ్చి బీరువాలో కూర్చుంది. అది కూర్చున్నప్పటినుంచి ఈయన పడుకోవడం మానేశాడు.

సారు జగిత్యాల హైస్కూల్లో సోషల్ చెప్తాడు. యూరప్‌లో చాలా దేశాలు కలిసి యూరో అని ఒకే డబ్బు వాడుకుంటాయని పిల్లలకు చెప్పి ఊరుకునే మనిషైతే ఈ కథే లేదు. ఆ దేశాల సందుల్లో మన జిల్లాలో ఓ మూలకు సరిపోయే బుల్లి దేశాలు నాలుగున్నాయి. అండొర్రా, మొనాకో, వాటికన్, సాన్ మరీనో. అవీ అదే యూరో నాణేలు ముద్రించుకుంటాయి. ఒకవైపు అందరికీ ఒకే అచ్చు, రెండోవైపు ఎవరి బొమ్మ వాళ్ళది. ముద్రించేదే కొద్ది, అందులోనూ చాలా బిళ్ళలు బజారు మొహం చూడకుండానే సేకరించేవాళ్ళ డబ్బాల్లోకి పోతాయి.

"బస్సులో చిన్న కునుకు తీస్తే దేశం దాటిపోతది" అని సారు క్లాసులో చెప్పి తనే నవ్వుతాడు. పిల్లలు నవ్వరు, ఏటా విన్నదే కనుక.

నాలుగు దేశాల ఒక యూరో బిళ్ళలనూ ఒకచోట కూర్చాలని ఆయన పదకొండేళ్ళ పట్టుదల. మూడు దొరికాయి. సాన్ మరీనోది మాత్రం, అందులోనూ మొదటి ఏడాదిది, అందులోనూ మనిషి చెయ్యి పడనిది, ఏళ్ళ తరబడి ఏడిపించింది. ఒకసారి గీత పడింది వచ్చింది. ఇంకోసారి ఉత్త కవరు వచ్చింది. చివరికి మొన్న, గుండ్రటి ప్లాస్టిక్ డబ్బీలో, దూదిలో, అసలైనది దిగింది. దానికి పెట్టిన డబ్బుతో మంచి మిక్సీ వచ్చేదని భార్య సులోచన అంచనా. "రోజంత చూస్తే అది చట్నీ చేస్తదా?" అని ఒక్కసారే అడిగింది. సారు వారం రోజులు మాట్లాడలేదు.

వచ్చిందన్న సంతోషం మొదటి రోజుతోనే సరి. ఎవరికైనా చూపించకపోతే ఆయనకు నిద్ర పట్టదు. చూపిస్తే, ఎవరి వేలైనా తగిలిందేమోనని నిద్ర పట్టదు. వచ్చినవాళ్ళతో ముందు చేతులు కడిగించేవాడు, తర్వాత తెల్ల గ్లౌజులు తొడిగించేవాడు, ఆపైన రెండడుగుల దూరంలో నిలబెట్టి చూపించేవాడు. బావమరిది అంత దూరంలోనూ నిలబడి తుమ్మాడు. ఆ తుమ్ముతో రాకపోకలు ఆగిపోయాయి.

ఇక లాభం లేదని సారు గురువు దగ్గరికి బయలుదేరాడు.

గురువు నాంపెల్లిగారు అచల తత్వ మార్గంలో పెద్ద. అచలమంటే కదలనిది. ఆయన మాత్రం ఊరి నడుమ టవర్ వెనక సందులో పొద్దుగూకులూ కుట్టుమిషను తొక్కుతూనే ఉంటారు. జగిత్యాలలో సగం పెళ్ళిళ్ళ జాకెట్లు ఆయన చేతిమీదే వెళ్తాయి. శిష్యులొస్తే గుడ్డముక్కల మూట మీద కూర్చోవాలి. అడిగినదానికి జవాబు ఒక్కోసారి అదే రోజు వస్తుంది, ఒక్కోసారి దీపావళికి వస్తుంది.

సారు మూట మీద కూర్చుని తన బాధంతా చెప్పుకున్నాడు. "వస్తే మనసు నిలుస్తదనుకున్న గురువుగారూ. వచ్చినంక ఉన్న మనసు గూడ పోయింది."

నాంపెల్లిగారు దారం తెంపారు. "ఏదీ, తెచ్చినవా?"

తేకుండా ఎలా ఉంటాడు? సారు జేబులోంచి డబ్బీ తీశాడు, ఇంకో జేబులోంచి గ్లౌజులు తీశాడు. గురువుగారు గ్లౌజులకేసి చూసి, "కుట్టు బాగలేదు" అని పక్కన పెట్టారు. డబ్బీ సందులో కత్తెర కొస దూర్చి టక్కున విప్పారు. నాణెం ఆయన అరచేతిలో పడింది. అంచు పసుపు, నడుమ తెలుపు, అద్దంలా మెరుస్తోంది. సారు గొంతులోంచి ఒక శబ్దం వచ్చింది. మాట కాదు, ఉత్త శబ్దం.

"దీనికి ఆడ ఏమొస్తది?"

"సాన్ మరీనోలనా? ఒక... ఒక చాయ వస్తదేమో."

"అట్లనా. పా, తాగొద్దాం."

సారు నవ్వబోయాడు. గురువుగారు అప్పటికే చెప్పులు వేసుకున్నారు.

మూలమీద రాజవ్వ చాయ బండి. గురువుగారు ఒక చాయ చెప్పి, దాన్ని రెండు గ్లాసుల్లో పోయించి, తీరిగ్గా ఊదుకుని తాగి, బిళ్ళ ఉన్న చెయ్యి చాచారు. సారు తన గ్లాసు తాగకుండానే బండి మీద పెట్టేశాడు. పదకొండేళ్ళ తపస్సు, అల్లం చాయకు పోతోంది. గురువు చేస్తున్న పనికి అడ్డం పడితే శిష్యుడెట్లా అవుతాడు? పడకపోతే బతికుండటం ఎట్లా?

రాజవ్వ బిళ్ళకేసి ఓరగా చూసింది. "పది బిళ్ళ నడ్వది అయ్యా. నోటియ్యి."

సారుకు పోయిన ప్రాణం లేచి వచ్చింది. వచ్చిన ప్రాణం నిమిషం కూడా కుదురుగా కూర్చోలేదు. పది బిళ్ళా? తన సాన్ మరీనోను పట్టుకుని పది రూపాయల బిళ్ళంటుందా?

"ఇది పది బిళ్ళ గాదు రాజవ్వా! సరిగ్గ చూడు. రంగొకటే గని సైజు చిన్నగుంటది. యూరప్‌ల దేశాలన్ని దీన్ని తీస్కుంటయి!"

"పది బిళ్ళ గాకపోతే అసలే నడ్వది" అంది రాజవ్వ.

"ఆ దేశపు గుర్తు, మూడు బురుజులున్నయి చూడు, బురుజుల మీద ఈకలున్నయి..."

"ఏమున్నా నడ్వది సారూ. మొన్న ఒకాయన ఇచ్చిపోయిండు, దుకాణపోడు తీస్కోలె, పాలాయన తీస్కోలె, ఆఖరికి అడుక్కునేటోడు గూడ తీస్కోలె."

బండి చుట్టూ చేరినవాళ్ళు పది బిళ్ళ చెల్లుతుందని కొందరు, చెల్లదని కొందరు మొదలుపెట్టారు. సారు మెడ నరాలు ఉబ్బించుకుని తన బిళ్ళ తరఫున వాదిస్తున్నాడు. తీసుకునేదాకా వదిలేలా లేడు. గురువుగారు నెమ్మదిగా నోటు ఇచ్చి, బిళ్ళను చొక్కా జేబులో వేసుకున్నారు. ఆ జేబులో సుద్దముక్క ఉంది, గుండీలున్నాయి, సగం కొరికిన పోకచెక్క ఉంది.

నాలుగడుగులు వేశాక అడిగారు. "ఆమె తీస్కోలేదని నీకు సంబురమైందా, కోపమొచ్చిందా?"

సారు ఆలోచించాడు. నిజం చెప్పడం తప్ప దారి కనపడలేదు. "రెండూ అయినయి గురువుగారూ."

"ఊ" అన్నారు ఆయన. "ధర్మపురిల పెళ్ళోళ్ళకు జాకెట్లియ్యాలె. వస్తవా?"

బిళ్ళ ఆయన జేబులో ఉన్నప్పుడు రానని ఎలా అంటాడు? ఆ జేబు కాశీకి పోయినా వెనక పోవలసిందే.

పల్లెవెలుగు బస్సు ఆడవాళ్ళతో కిటకిటలాడుతోంది. వాళ్ళందరికీ టికెట్టు ఉచితం కనుక కండక్టరు మగవాళ్ళను వెతుక్కుంటూ వచ్చాడు. గురువుగారు నోట్లు తీశారు. పది తక్కువైంది. జేబులో వేళ్ళు పెట్టి, ఒక గుండీని పక్కకు తోసి, బిళ్ళ తీసి అతని చేతిలో పెట్టారు.

కండక్టరు చూడను కూడా లేదు. అది తోలు సంచిలో పడి చప్పుడైంది.

"ఆగు!" సారు అరుపుకు డ్రైవరు బ్రేకేశాడు. "నా బిళ్ళ! నా బిళ్ళ నాకియ్యి! పది రూపాలు నేనిస్త, ఇరవై ఇస్త!"

కండక్టరు ఆయన్ని ఎగాదిగా చూశాడు. "పది బిళ్ళ ఇచ్చి మల్ల వాపసడిగే మనిషిని నా సర్వీసుల ఇప్పుడే చూస్తున్న. ఊరంత వద్దన్నయి నా సంచిలకే వస్తయి సారూ, వీట్ల నీదేదో నాకేమెరుక? నోట్లుంటే ఇయ్యి, అన్ని నీకే ఇస్త. దండం పెట్టి ఇస్త."

సారు జేబులన్నీ దులిపి ఉన్న నోట్లన్నీ ఇచ్చేశాడు. కండక్టరు సంచి బోర్లించాడు. ఒడి నిండా, సీటు నిండా, కింద కూడా పది బిళ్ళలు. బస్సు కదిలింది, బిళ్ళలూ కదిలాయి. సారు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. పాపం, నటన కాదు. గురువుగారు జాకెట్ల మూట ఒడిలో పెట్టుకుని కిటికీలోంచి చెరకు తోటలు చూస్తున్నారు.

"ఏం పోయింది సారూ?" అంది ముందు సీటావిడ. చెప్పాడు. పక్క సీటువాళ్ళు దిగి వెతకడం మొదలుపెట్టారు. "ఇదా? ఇదా సారూ?" అంటూ నాలుగువైపుల నుంచీ చేతులు.

"అట్ల ముట్టుకోవద్దమ్మా! వేలి తడి తగిలితే మచ్చ పడ్తది. అంచులు పట్టుకోవాలె, అంచులు!"

చెప్పింది మాస్టారు కదా, అందరూ విన్నారు. చిటికెనవేళ్ళు పైకెత్తి, రెండు వేళ్ళతో అంచులు పట్టుకుని, ఒక్కొక్క బిళ్ళను వెలుగుకు పెట్టి చూస్తున్నారు. ఎవరూ తీసుకోని పది బిళ్ళలకు ఇంతటి మర్యాద ఈ రాష్ట్రంలో ఇంకెక్కడా జరిగి ఉండదు.

రాయపట్నం పోయే భూదవ్వ అని ఒక ముసలావిడ మాత్రం ఆ పాఠం వినలేదు. ఆవిడకు చెవుడు. కాళ్ళ దగ్గరికి దొర్లివచ్చిన బిళ్ళను తీసి, పసుపంటిన కొంగుతో బరబరా తుడిచి, కళ్ళ దగ్గర పెట్టుకుంది.

నాణేలవాళ్ళ లోకంలో బిళ్ళను తుడవడం కంటే ఘోరం లేదు. దొంగిలించినా క్షమిస్తారు కానీ తుడిస్తే క్షమించరు. ఆ చప్పుడు విని సారు సీట్లు పట్టుకుంటూ అటు పరుగెత్తాడు.

"దీంట్ల మూడు బతుకమ్మలున్నయి" అంది భూదవ్వ గట్టిగా. "నీదేనా బిడ్డా?"

సారు నోరు తెరిచాడు. బతుకమ్మలు కావవ్వా, అవి కొండమీది బురుజులు, పైన ఉన్నవి ఈకలు, అని చెప్పాలి. ఇరవై రెండేళ్ళుగా ఎవరు ఏ తప్పు చెప్పినా దిద్దిన నోరు అది.

భూదవ్వ బిళ్ళను ఆయన మొహానికి దగ్గరగా పెట్టింది. పద్దెనిమిది రోజులుగా భూతద్దం పెట్టి చూస్తున్నదే. బురుజులు లెక్కపెట్టాడు, ఈకలు లెక్కపెట్టాడు, అంచున గీతలు కూడా లెక్కపెట్టాడు. ఇప్పుడు చూస్తే కింద వెడల్పుగా, పైకి సన్నగా, నెత్తిన పూవు పెట్టుకుని మూడు బతుకమ్మలు. వరసగా పేర్చి ఉన్నాయి. చుట్టూ ఆకులు కూడా ఉన్నాయి. ఎంత కళ్ళు చికిలించినా మళ్ళీ బురుజులు కనపడలేదు.

పక్కనున్న కోడలు అది పైదేశం బిళ్ళని ఆవిడ చెవిలో అరిచి చెప్పింది. "ఆ దేశంల గూడ ఆడుతరా బతుకమ్మ?" అంది ఆవిడ.

బస్సంతా ఆయన మొహం చూస్తోంది.

"నేనెన్నడు పోలేదవ్వా" అన్నాడు సారు, ఆవిడకు వినపడేట్టు. "నాకు తెల్వది."

"పూలయితే మంచిగ పేర్చిండ్రు" అంది భూదవ్వ. బిళ్ళను కోడలికి ఇచ్చింది. కోడలు చూసి కళ్ళకద్దుకుని వెనక సీటుకు అందించింది. "బతుకమ్మలట! ఏదీ, ఏదీ" అని బిళ్ళ వరస దాటింది. ఒకావిడ వేళ్ళకు సెనగల ఉప్పు ఉంది. ఒకావిడ గోరుతో గీకి చూసింది. చంటిపిల్ల నోట్లో పెట్టుకోబోతే తల్లి లాక్కుని చీరకు తుడిచింది. కండక్టరు కూడా వంగి చూసి, "అరె, నేను చూడనే లేదు" అన్నాడు. సారు సీటు అంచున కూర్చుని ఆ బిళ్ళ పోయినవైపల్లా తల తిప్పుతున్నాడు. అంచులు పట్టుకోమని అనాలని రెండుసార్లు అనుకున్నాడు. రెండుసార్లూ ఆ మాట రాలేదు.

ధర్మపురి వచ్చింది. బస్సు ఆగింది. నాంపెల్లిగారు జాకెట్ల మూట చంకన పెట్టుకుని లేచి నిలబడ్డారు.

"దిగుదామా?"

"కొంచెం ఆగుండ్రి గురువుగారూ" అన్నాడు లింబాద్రి సారు వెనక్కి చూస్తూ. "ఆఖరి సీటోళ్ళింక చూడలేదు."

గురువుగారు మళ్ళీ కూర్చున్నారు.