హైమవతమ్మ మంచునదికి ముగ్గురు కాపలా

రెంటచింతలలో అంకమ్మకీ, ఆవిడ తమ్ముళ్ళు పోలయ్య, గురవయ్యలకీ ఉన్నంత తెలివి ఇంకెవరికీ లేదు. ఈ మాట ఊరు అనలేదు, వాళ్ళే అనేవాళ్ళు.

"చెప్పింది చెప్పినట్టు చెయ్యడంలోనే ఉందిరా తెలివంతా" అనేది అంకమ్మ పళ్ళు తోముకుంటూ.

"చెప్పకపోతే?" అనేవాడు గురవయ్య.

"చెప్పకపోతే చెయ్యకపోవడమే తెలివి!"

అదే ఊరి ఆడపడుచు హైమవతమ్మ పెద్ద సైంటిస్టు. హిమాలయాల్లో మంచునదుల మీద పరిశోధన చేస్తుంది. మంచునది అంటే నీళ్ళు కాదు, కొండల నడుమ మెల్లగా కిందికి జారే మంచు. ఏటేటా ఎండలు ముదురుతుంటే ఆ మంచు ఎంత కరుగుతుందో, ముందుముందు ఏమవుతుందో కంప్యూటర్లో లెక్కగట్టి చెప్పే మోడల్ ఒకటి తయారుచేసింది. సాయానికి మనుషుల కోసం ఊరొచ్చి, "పెద్ద చదువులేం అక్కర్లేదు. చెప్పింది చెప్పినట్టు చేసేవాళ్ళు చాలు" అంది.

ఇంకేముంది! ముగ్గురూ మూటలు సర్దేశారు.

హైమవతమ్మ పనిచేసే మంచునది కింది కొసన కరిగిన నీళ్ళు చేరి పెద్ద సరస్సయింది. దాని దిగువన పదకొండు ఇళ్ళ పల్లె. సరస్సు గట్టు తెగితే పల్లె మిగలదు. ఎప్పుడు తెగుతుందో మోడల్ చెప్పాలి. చెప్పాలంటే మంచు రోజుకెంత కరుగుతోందో దానికి తెలియాలి.

హైమవతమ్మ మంచులో లోతుగా ఒక వెదురుగడ పాతించింది. "ఇదిగో, మూరెడు బయట ఉంది. రోజూ కొలిచి పుస్తకంలో రాయండి. గడ జాగ్రత్త" అని చెప్పి, ఇరవై రోజుల పని మీద పక్కకొండకి వెళ్ళింది.

మర్నాడు పొద్దున్నే పోలయ్య కేక పెట్టాడు. "అక్కోయ్! గడ పెరిగింది! మూర మీద నాలుగు వేళ్ళుంది!"

"ఎట్టా పెరుగుద్దిరా? నువ్వేమన్నా నీళ్ళు పోశావా?"

"అమ్మతోడు, పొయ్యలా!"

అంకమ్మ తీవ్రంగా ఆలోచించింది. "ఆయమ్మ మనకి మూరెడు అప్పజెప్పింది. మనం మూరెడే తిరిగి అప్పజెప్పాల."

అంతే, సుత్తి తెచ్చి గడని నాలుగు వేళ్ళ లోతుకి దిగ్గొట్టారు. పుస్తకంలో 'మూర' అని రాశారు. మర్నాడూ పెరిగింది, మర్నాడూ కొట్టారు. ఎవడు ఎక్కువ కొట్టాడని అన్నదమ్ములిద్దరికీ తగువొచ్చింది. అందుకని మొదటి రోజు నుంచీ 'పోలయ్య నాలుగు వేళ్ళు, గురవయ్య అయిదు' అంటూ ఏ రోజుకారోజు డేరా గుడ్డ మీద బొగ్గుతో రాసుకున్నారు.

ఇరవై రోజులకి హైమవతమ్మ వచ్చి పుస్తకం తెరిచింది. మూర. మూర. మూర. చివరిదాకా మూరే.

"ఇంత ఎండకి వేలెడు కూడా కరగలేదా?"

"గడ పెరిగితే మేమూరుకుంటామా తల్లీ! ఎప్పటికప్పుడు గడని దిగ్గొట్టేశాంగా!" అన్నాడు గురవయ్య రొమ్ము విరుచుకుని.

ఆవిడ ఉన్నచోటే మంచు మీద కూలబడింది. ఇరవై రోజులూ వృథా. కింద పల్లెలో పిల్లలు గొర్రెల వెంట పరిగెడుతున్నారు. వాళ్ళకేం చెప్పాలి? కళ్ళు తుడుచుకుంటూ తలెత్తితే డేరా గుడ్డ కనిపించింది.

"ఆ బొగ్గురాతలేంటి?"

"నేనే ఎక్కువ కొట్టానని రుజువు!" అన్నాడు గురవయ్య.

ఆవిడ గభాల్న లేచింది. గడ ఎంత పైకి తేలితే అంతే కొట్టారు, అంటే మంచు అంతే కరిగింది! లెక్కంతా గుడ్డ మీదే ఉంది! "బతికించారు! ఈ అంకెల్ని వెంటనే మోడల్‌కి తినిపించాలి" అంటూ కాగితం తీసుకుని ఆ రాతలు ఎక్కించుకోవడానికి డేరా గుడ్డ దగ్గరికి పరిగెత్తింది.

అంకమ్మకి ప్రాణం ఉసూరుమంది. "ఇరవై రోజుల్నుంచీ ఆ మోడల్ పస్తుందిరా పాపం. ఉత్త అంకెలు ఏం కడుపు నింపుతాయి?" అంది. అంతే, వేడివేడి ఉప్మా పళ్ళేనికెత్తి, డేరాలోని కంప్యూటర్ మీటల సందుల్లోకి కూరింది.

హైమవతమ్మ వచ్చి నెత్తీ నోరూ బాదుకుంది. పుల్లతో గీకగా గీకగా అన్ని మీటలూ బాగుపడ్డాయి, తొమ్మిది తప్ప. పాపం, తొమ్మిది ఉన్నచోటల్లా ఎనిమిదికి ఒకటి కలుపుకుంటూ లెక్క నడిపింది. జవాబొచ్చింది. గట్టు మూడు రోజులు కూడా ఆగదు!

అధికారులకి ఫోన్ కలుపుతూనే ఆవిడ కేక వేసింది. "పల్లెకి పరిగెత్తండి! అందర్నీ మిట్ట మీదికి తీసుకురండి. ఒక్క తలుపు కూడా వదలొద్దు!"

పల్లెపెద్ద తాషి తాత నవ్వాడు. "మా ముత్తాతల నాటి ఊరిది. మీ పెట్టె చెబితే కదులుతామా?" అని పొలానికి వెళ్ళిపోయాడు. తక్కినవాళ్ళూ ఆయన వెంటే వెళ్ళారు.

"మడుసులు రామంటున్నారక్కా" అన్నాడు పోలయ్య.

"రాకపోతే మానె. తలుపులు వదలొద్దని కదా గట్టిగా చెప్పింది!"

ఇంకేముంది! పదకొండు ఇళ్ళ తలుపులూ ఊడబెరికి, కంచరగాడిదల మీద కొన్ని, నెత్తిన కొన్ని పెట్టుకుని మిట్ట ఎక్కడం మొదలెట్టారు.

"దొంగలు! తలుపుల దొంగలు!" పల్లె పల్లెంతా కర్రలు పట్టుకుని వెంటబడింది. మిట్టెక్కి తాషి తాత పోలయ్య చొక్కా పట్టుకున్నాడో లేదో, వెనక కొండ విరిగిపడ్డట్టు చప్పుడైంది. చూస్తుండగానే సరస్సు గట్టు తెగి నీళ్ళు పల్లెని ఊడ్చుకుపోయాయి.

తాత చెయ్యి మెల్లగా వదులైంది. ఆ చేత్తోనే పోలయ్యని కావలించుకుని వెక్కివెక్కి ఏడ్చాడు.

"ఏడవమాక తాతా, నీ తలుపు భద్రంగా ఉందిలే" అన్నాడు పోలయ్య.

హైమవతమ్మ ఉబ్బితబ్బిబ్బయింది. ఇక వీళ్ళని ఎంత పనికైనా నమ్మొచ్చనుకుని, మర్నాడు అంకమ్మ చేతిలో ఒక పెట్టె పెట్టింది. "ఇందులో వెయ్యేళ్ళనాటి మంచు ఉంది. దీన్ని పరీక్షిస్తే అప్పటి ఎండలూ గాలీ ఎలా ఉండేవో తెలిసి మోడల్ ఇంకా మెరుగవుతుంది. కొండ దిగి రోడ్డు దగ్గర ఉండండి, బండి తీసుకొస్తాను. ప్రాణంలా చూసుకోండి!"

దార్లో అంకమ్మ మూత తీసి తడిమింది. ఒళ్ళు జలదరించింది. "ఓరి దేవుడో! వెయ్యేళ్ళ ముసల్దిరా! చలికి కొయ్యబారిపోయింది!"

అంతే, కంబళి చుట్టారు. టీ కొట్టులో పొయ్యి పక్కన కూర్చోబెట్టారు. గురవయ్య తన మఫ్లరు కూడా కప్పాడు.

సాయంత్రానికి బండి వచ్చింది. హైమవతమ్మ పెట్టె తెరిచింది. లోపల నీళ్ళు తళతళా ఊగుతున్నాయి.

"చూశావా తల్లీ!" అంది అంకమ్మ ఆనందం పట్టలేక. "వెయ్యేళ్ళుగా బిగుసుకుపోయి పడుంది. మా చేతిలో పడ్డాకే కదలడం మొదలెట్టింది!"