ఒక్కరి సభ

శాసనసభ అంటాం కదర్రా, అందులో సభ అంటే ఏమిటి? పెద్ద భవనమా? పూర్వం ఒక రాజు కొలువులో కూర్చుని తానేమన్నా అది సభ మాటే అనుకున్నాడు.

ఆ రాజు ఊరి పచ్చిక బయలుకు కంచె వేయించి, తన వేటకు ఉంచుకున్నాడు. అది సభ చేసిన శాసనమని చాటింపు వేయించాడు. మేత లేక గొర్రెలు చచ్చిపోతుంటే, బీరమ్మ అనే కాపరి కంచె తీసి మందను లోపలికి తోలింది. భటులు ఆమెను రాజు ముందు నిలబెట్టారు.

"సభ మాటనే ధిక్కరిస్తావా? నీ మందను జప్తు చేయిస్తాను!"

"ధిక్కారం కాదు దొరా. నిన్న మా గుడిసెలోనూ సభ జరిగింది. కంచె చెల్లదని తీర్మానించింది."

"ఎవరెవరున్నారే ఆ సభలో?"

"నేనొక్కదాన్నే."

రాజు పకపకా నవ్వాడు. "ఒక్కతివే కూర్చుంటే సభ ఎలా అవుతుందే పిచ్చిదానా? నలుగురుండాలి, తలొక మాట చెప్పాలి!"

బీరమ్మ చేతులు జోడించింది. "మరి ఈ కంచె గురించి తమరి సభలో రెండో మాట చెప్పిందెవరు దొరా?"

రాజు మంత్రుల వైపు చూశాడు. అందరూ తలలు దించుకున్నారు. ఆయన నవ్వు ఆగిపోయింది.

భటులను పిలిచి, "కాపరులందరినీ పిలిపించండి. వాళ్ల మాట వినేదాకా కంచె తీసెయ్యండి" అన్నాడు.

సభ అనేది సంస్కృతం నుంచి వచ్చిన చాలా పాత మాట. కూడిన మనుషులనూ, వాళ్లు కూర్చునే చోటునూ సభ అనే అంటాం. శాసనమంటే ఆజ్ఞ, అది ఒక్కడైనా ఇవ్వగలడు. సభ మాత్రం ఒక్కడి వల్ల కాదు.

ఇక నన్ను లేవనివ్వండి. చింతపండులో గింజలు సగమే తీశాను.