పదింతల ఉప్మా

"అయ్యా, ఎక్స్ వర్గం, ఎక్స్, ఒట్టి అంకె. మూడూ ఒకే వరసలో ఉంటాయి, మధ్యలో కూడిక గుర్తు కూడా ఉంటుంది. మరి కలిపేసి ఒక్కటి చేయరేం?" అని అడిగాడు కూర్మయ్య.

తెలుసుకుందామని అడిగింది కాదు, గురువుగారేం చెబుతారో చూద్దామని. నూటపన్నెండు సూత్రాలు కంఠతా పట్టినవాడు. విజయనగరంలో సొంతంగా ట్యూషన్ పెట్టుకోవడానికి గురువుగారు ఊఁ అనడమే తరువాయి. పెట్టె సర్ది పదకొండు రోజులైంది. కాలు నిలవక రోజూ విప్పడం, మళ్ళీ సర్దడం. చొక్కా మడత ఒక్కటే ఇంకా ఏ సూత్రానికీ లొంగలేదని తనలో తనే నవ్వుకునేవాడు.

లెక్కల గురువు పేరిశాస్త్రిగారికి ప్రశ్నకు జవాబు చెప్పే అలవాటు లేదు. పని చెబుతారు.

"రేపు పొద్దున్న పాత శిష్యులు రెండువందల మంది వస్తున్నారు. ఉప్మా నువ్వు చెయ్యి. కుదిరితే మధ్యాహ్నం బస్సుకే వెళ్దువుగాని."

ఇంట్లో ఉండి చదువుకునే ఇరవై మందికీ రోజూ వండిపెట్టేది పైడమ్మ. కూర్మయ్య ఆవిడ దగ్గర కొలతలన్నీ రాసుకున్నాడు. రవ్వ, ఉప్పు, మిరపకాయలు, ఎసరు. అన్నిటినీ పదితో గుణించాడు. ఆ ఊపులో పొయ్యి మీద ఉంచే అరగంటను కూడా గుణించి, ఐదు గంటలని చూసి, ఎవరూ గమనించకముందే బొటనవేలితో చెరిపేశాడు.

పైడమ్మ గమనించనే గమనించింది. "అది సెరిపీసినావు గానీ బాబూ, ఆ ఎసరు కూడా తగ్గించు. ఉప్పైతే మనుసుల బట్టి. ఆవిరి అలాక్కాదు, గిన్ని మూతి బట్టి పోతాది. పెద్ద గుండిగలో అంత పోదు."

"లెక్క తప్పదు పైడమ్మా," అన్నాడు కూర్మయ్య, పది బిందెల ఎసరూ పోసేసి.

తెల్లారి ఆకుల్లో వడ్డించిన ఉప్మా ఆకుల్లో నిలవలేదు. ముందు వరసలో కూర్చున్న రిటైర్డ్ తహసీల్దారు పంచె ఎగ్గట్టుకుని, "ఆకెందుకయ్యా, గ్లాసులో పొయ్యి!" అని కేకేశాడు. పంక్తంతా గొల్లుమంది. కూర్మయ్య గరిటె పట్టుకుని అటూ ఇటూ తిరుగుతున్నాడు. గుండిగ దగ్గరికి వెళ్తాడు, కాగితం తీసి చూస్తాడు, మళ్ళీ వరసలోకి వస్తాడు. గుణకారంలో తప్పు దొరికితే బాగుండుననిపించింది. దొరకలేదు.

మధ్యాహ్నం బస్సు వీధి చివర రెండుసార్లు హారన్ కొట్టి వెళ్ళిపోయింది. పెట్టె అరుగు మీదే ఉంది. దాని పక్కన కూర్చున్న కూర్మయ్య దగ్గరికి గురువుగారు గ్లాసుతో వచ్చారు. చివరి గుక్క తాపీగా తాగి, ఉత్తరీయంతో మూతి తుడుచుకున్నారు.

"ఉప్పు మాత్రం సరిగ్గా సరిపోయిందయ్యా కూర్మయ్యా. అన్నీ కలిపేసి ఒకే లెక్క వేశావు గానీ, ఎసరే నీ మాట వినలేదు."