తొండ తీసిన కందిరీగ

మాణిక్యాంబ గారి పెరట్లో పదహారు టమాటా మొక్కలు, వాటి పక్కన నీళ్ల తొట్టి, ఆ తొట్టి గోడ మీద తొండ తమ్ముడు. పెరట్లో ఏ మూల ఏం జరిగినా అందరికంటే ముందు తనకే తెలియాలి వీడికి. తెలిసీ తెలియగానే నలుగురికీ చెప్పెయ్యాలి. చెప్పేటప్పుడు తల కిందకీ పైకీ ఊపుతాడు. అది తొండల వంశాచారం, ఆపమంటే ఆగేది కాదు.

ఆ రోజు వాడు తెచ్చిన కబురు మాత్రం ఎవరికీ నచ్చలేదు.

"పెద్దమ్మా, విన్నావా? ఈసారి కూడా టమాటాలు కాయకపోతే పెరడంతా నాపరాళ్లు పరిపించేస్తారట! ఇప్పుడే అయ్యగారు అమ్మగారితో అన్నారు."

కోడి పెద్దమ్మ మట్టి గీకడం ఆపేసింది. ఆవిడ చుట్టూ పదకొండు మంది పిల్లలు. "రాళ్ల మీద నా పిల్లలు ఏం గీకుతార్రా?" అంది.

నత్తక్క పెంకులోంచి మెడ బయటపెట్టింది. "ఎండకి రాయి కాలిపోతుంది తమ్ముడూ. ఈ చివర్నించి ఆ చివరికి వెళ్లేలోగా నేను అప్పడమైపోతాను."

మొక్కల సంగతి చూస్తే గుండె జారిపోయేలా ఉంది. ఆకుల నిండా చిల్లులే. ఎవరు తింటున్నారో పట్టుకుంటేగానీ పెరడు మిగలదు.

నాలుగో మొక్క మీంచి ఎవరో చిన్నగా దగ్గారు. లద్దెపురుగు మామ. ఆకుపచ్చగా, నున్నగా, చిటికెనవేలంత లావున ఉంటాడు. ఎప్పుడు చూసినా కళ్లు మూసుకుని కదలకుండా ఉంటాడు. "రేపో మాపో రెక్కలొచ్చి ఎగిరిపోయేవాణ్ణి, నాకెందుకమ్మా తిండి? ఉపవాసం" అంటాడు. అంత వైరాగ్యం మాట్లాడేవాడి మీద ముక్కు పెట్టడానికి కోడి పెద్దమ్మకి ఇన్నాళ్లూ మనసొప్పలేదు.

"ఆకుల అడుగున ఎవరో కొత్తవాళ్లు తిరుగుతున్నారు, చూశారా?" అన్నాడు మామ.

తనకంటే ముందు ఇంకొకరికి తెలియడమా! తొండ ఒక్క ఉరుకున వెళ్లి ఆకు కింద తల పెట్టాడు. నిజమే. గసగసాల గింజంత నల్లటి పురుగు, దానికి రెక్కలు, దారప్పోగులాంటి నడుము. పుట్టి బుద్ధెరిగాక వాడెప్పుడూ చూడని జీవి.

"ఉన్నాయి మామా! ఎవరు అవి?"

"ఇంకెవరు నాయనా, కందిరీగలు. ఈ చిల్లులన్నీ వాటి పనే. మిమ్మల్ని కుట్టకముందే తరిమెయ్యండి."

"ఇంత చిన్న కందిరీగలా?" అంది నత్తక్క.

"అనుమానమైతే ఫోటో తీసి చూసుకోండి. మన తొండ తమ్ముడంత చురుకైనవాడు ఉండగా ఆలోచన ఎందుకు?" అన్నాడు మామ, ఒక కన్ను మాత్రమే తెరిచి.

పొగిడితే తొండ ఆగుతాడా? మాణిక్యాంబ గారు రోజూ పొద్దున్నే మొక్కల ఫోటోలు తీసి, ఫోను ఇటుకకి ఆనించి కాఫీకి లోపలికి వెళ్తుంది. పాత ఫోను. తాళం లేదు, నొక్కే అంకెల్లేవు, కెమెరా తెరిచే ఉంటుంది. తొండ దాన్ని ఆకు వైపు తిప్పి, పైకెక్కి, ముందరి కాలితో టక్కున నొక్కాడు. అద్దం మీద ఫోటో వచ్చింది. అందరూ ఒకేసారి వెనక్కి గెంతారు.

నల్లగా, భయంకరంగా, అద్దం నిండా పరుచుకుని ఉంది ఆ పురుగు. రెక్కలు ఎనిమిది!

"చెప్పలేదూ?" అన్నాడు మామ.

"రేపు పొద్దున్నే నా పిల్లల్ని తీసుకొస్తా. ఆకాకూ తిప్పి ఒక్కదాన్నీ మిగల్చరు" అంది కోడి పెద్దమ్మ. తొండ వైపు తిరిగి, "మా బాబే, నీ వల్లే పెరడు నిలబడింది" అని మెచ్చుకుంది. తొండ ఛాతీ ఉబ్బిపోయింది. అందరూ వెళ్లిపోయినా వాడు గోడ మీద తల ఊపుతూనే ఉన్నాడు.

మధ్యాహ్నానికి నత్తక్క గోడ కిందకి చేరింది.

"తమ్ముడూ, పొద్దుటి ఫోటోలో టమాటా పిందె ఉంది, గమనించావా?"

"ఆ, బాగా పడింది."

"మన పిందె గోళీ అంత. నీ ఫోటోలో గుమ్మడికాయంత ఉంది. పైగా దానికి రెండు తొడిమలు."

తొండ తల ఊపడం కాస్త తగ్గింది.

"నువ్వు నొక్కేటప్పుడు తల ఊపావు. నీతోపాటు ఫోనూ ఊగింది. మరీ దగ్గర్నించి తీశావు కాబట్టి పిందె పెద్దదైనట్టే పురుగూ పెద్దదైంది. ఊగేసరికి ఉన్న నాలుగు రెక్కలూ ఎనిమిదయ్యాయి."

"మరి అప్పుడే చెప్పచ్చు కదక్కా!"

"చెబుదామనే బయల్దేరాను. నేను వచ్చేసరికి మీటింగు అయిపోయింది."

తొండకి సిగ్గేసింది. సిగ్గు కంటే ఎక్కువ భయమేసింది. రేపు పొద్దున్న ఆ చిన్న జీవుల్ని పదకొండు ముక్కులు పొడుస్తాయి. అవి ఏ పాపం ఎరగనివైతే? అసలు దొంగ దొరక్క పెరడంతా రాళ్లయిపోతే? ఆ పాపం తన కాలివేలిదే.

"ఇంకో ఫోటో తియ్యాలక్కా. కానీ ఈ తల నా మాట వినదు."

"నేను తీస్తాలే. ఇప్పుడు బయల్దేరితే రేపటికి ఇటుక ఎక్కుతాను" అని నత్తక్క బయల్దేరింది.

తెల్లారగానే కోడి పెద్దమ్మ సైన్యంతో వచ్చింది. మాణిక్యాంబ గారు ఫోను ఇటుకకి ఆనించి అప్పుడే లోపలికి వెళ్లింది. తొండ పరుగున వెళ్లి కోడి ముందు అడ్డంగా నిలబడ్డాడు. కోడిముక్కు ముందు నిలబడటం తొండకి చిన్న సంగతేమీ కాదు.

"పెద్దమ్మా, ఆగు. నా ఫోటో తప్పు. నేను ఊగాను, అందుకే అది అలా పడింది. ఇంకొక్కటి తీసి చూద్దాం."

"ఏమిటీ చాదస్తం? పొడవండమ్మా, పొడవండి, ఆలస్యమైతే ఎగిరిపోతాయి!" అని అరిచాడు మామ. ఉపవాసం ఉన్నవాడి గొంతులా లేదది.

కోడి మామ వైపు ఒకసారి, తొండ వైపు ఒకసారి చూసింది. "తప్పు నోటితో ఒప్పుకున్నాడు. ఒక్క ఫోటోకి నా పిల్లలేం చచ్చిపోరు. తియ్యండి" అంది.

తొండ ఫోనుని ఆకు వైపు తిప్పాడు. తిప్పి దూరంగా జరిగి, తల ఊగకుండా ఒక పుల్లని గట్టిగా కరిచిపట్టుకున్నాడు. అప్పటికి ఇటుక ఎక్కేసిన నత్తక్క అద్దం మీదకి పాకింది. బటన్ మీదకి చేరింది. దాన్ని దాటడానికి ఆవిడకి ఎంత సేపు పట్టిందంటే, ఆవిడ పొట్ట కింద బటన్ నొక్కుకునే ఉండి, టకటకమంటూ నలభై మూడు ఫోటోలు పడ్డాయి. ఒక్కటీ చెదరలేదు.

అందరూ ముందుకి వంగారు. ఎర్రటి కళ్లు, అద్దంలాంటి నాలుగు రెక్కలు, వాటి అంచున సన్నటి కుచ్చు. తొండ నోట్లో పుల్ల జారిపోయింది. ఇంత అందమైనదాన్నా తను దయ్యంలా చూపించింది!

"నోరు చూడు పెద్దమ్మా. ఈ నోటితో ఒక ఆకుకి చిల్లు పెట్టాలంటే, దీని మనవలు కూడా కొరుకుతూనే ఉండాలి" అన్నాడు.

"మరి ఇక్కడేం చేస్తోంది?"

"గుడ్ల కుప్ప మీద నిలబడింది. సన్నటి సూది ఒకటి గుడ్డులోకి దించుతోంది. సూది దిగిన గుడ్లన్నీ నల్లబడ్డాయి. ఇదిగో, ఒక గుడ్డులోంచి మళ్లీ ఇలాంటిదే ఇంకొకటి బయటికొస్తోంది!"

"ఆ గుడ్లు ఎవరివి?" అంది కోడి.

లద్దెపురుగు మామ ఇక ఆపుకోలేకపోయాడు. "మా తమ్ముళ్లవి! రెండొందల మంది! ఒక్కణ్ణీ పుట్టనివ్వడం లేదు ఆ దొంగముండ!"

అందరి తలలూ నాలుగో మొక్క వైపు తిరిగాయి.

"నీకు రెండొందల మంది తమ్ముళ్లున్నారని ఎప్పుడూ చెప్పలేదే మామా," అంది కోడి పెద్దమ్మ తాపీగా. "వాళ్లకీ ఉపవాసమేనా?"

మామ కొమ్మ మీంచి దొర్లి పారిపోబోయాడు. కింద పదకొండు మంది పిల్లలు ఉన్నారు. మిగతాది చెప్పక్కర్లేదు.

కాఫీ తాగి వచ్చిన మాణిక్యాంబ గారు ఫోను చూసి, "ఇన్ని ఫోటోలు నేనెప్పుడు తీశాను!" అని నోరు తెరిచింది. వ్యవసాయ కాలేజీలో పాఠాలు చెప్పే చెల్లెలికి పంపింది. "అక్కా, ఇవి పురుగుల్ని గుడ్డులో ఉండగానే తీసేసే చిట్టి కందిరీగలు. మనుషుల్ని ఏమీ చెయ్యవు. దయచేసి మందు కొట్టకు, నీ తోటకి వీటికి మించిన కాపలా లేదు" అని సాయంత్రానికి జవాబొచ్చింది. నెల తిరిగేసరికి బుట్టలకొద్దీ టమాటాలు. అయ్యగారు వరసగా నాలుగు రోజులు టమాటా పప్పు తిని, నాపరాళ్ల మాటే మర్చిపోయారు.

నీతి ఏమిటంటారా? కొత్తగా వచ్చినవాళ్ల మీద ఎవడైనా నేరం మోపితే, ముందు ఆ మోపినవాడి పొట్ట చూడాలి.