పదకొండు గంటల మంచు

ఊఁ కొడుతూ వినాలి మరి. అనగనగా అంటే మరీ పాతకాలం కాదు, మొన్నమొన్నటి మాటే. అనకాపల్లిలో వరహాలమ్మ అని ఒక కుట్టుమిషనావిడ ఉండేది. పెళ్ళిళ్ళ జాకెట్లు కుట్టీ కుట్టీ మెడ పట్టేసింది పాపం. అప్పుడు రెండ్రోజులు కొట్టు మూసి, మొగుడు గవర్రాజు బండి మీద, కూతురు నూకాలుని మధ్యలో కూచోబెట్టుకుని కొండల మీదికి బయల్దేరింది. ఒక్కసారి పైనుంచి లోయ చూడాలని ఆవిడ కోరిక.

ఎక్కేసరికి పదకొండయింది. చూస్తే ఏముంది? లోయా లేదు, కొండా లేదు. అంతా తెల్లగా కమ్మేసింది.

“మంచే!” అన్నాడు గవర్రాజు. తను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే రకం వాడు.

ఆ తర్వాత జలపాతం దగ్గరికెళ్ళారు. నీళ్ళ చప్పుడు వినిపిస్తోంది, నీళ్ళు కనిపించవు.

“మంచైతే చల్లగా ఉండాలి గదయ్యా! కళ్ళెందుకు మండుతున్నాయి?” అంది వరహాలమ్మ.

“కొండ మంచు అలాగే ఉంటదే.”

ఆవిడకి కళ్ళతో పాటు ఒళ్ళూ మండింది.

మర్నాడు పొద్దున్నే సూర్యోదయం చూద్దామని పోయారు. సూర్యుడు మసిపట్టిన ఇత్తడి పళ్ళెంలా ఉన్నాడు. గవర్రాజు నోరు తెరిచేలోపే నూకాలు దగ్గింది. ఆపకుండా దగ్గింది. పిల్లకి ఆయాసం ఉందిలే. “అమ్మా, గాలాడట్లేదే,” అంది.

వరహాలమ్మ గబగబా సంచిలోంచి పీల్చే మందు తీసి పట్టించింది. “బండి తియ్యి. మళ్ళీ మంచన్నావో, ఈ లోయలోకి నేనే తోసేస్తాను,” అంది.

కొండ దిగేసరికి గాలి తేటపడింది. టీ కొట్టు దగ్గర వేణ్ణీళ్ళు తాగాక పిల్లకి ఊపిరి కుదుటపడింది. అక్కడ కొందరు పచ్చికొమ్మలు పట్టుకుని ఆటో ఎక్కుతున్నారు.

“మూడు కొండల అవతల అడవి అంటుకుందమ్మా,” అంది వాళ్ళలో ఒక ముసలావిడ. “నాల్రోజులై కొమ్మల్తో కొడుతున్నాం, ఆరట్లేదు. మా జీడితోటలు దాని కిందే ఉన్నాయి.”

గవర్రాజు మొహం వాడిపోయింది. తనూ ఒక కొమ్మ అందుకుని ఆటో ఎక్కేశాడు.

“ఇదేం మనిషిరా దేవుడా! పిల్లనీ నన్నూ రోడ్డు మీదొదిలేసి ఎక్కడికయ్యా?” అని అరిచింది వరహాలమ్మ. ఆటో వెళ్ళిపోయింది.

కాసేపు తిట్టుకుంది. కాసేపు దారి చూసింది. ఆ తర్వాత అమ్మవారికి మొక్కుకుంది.

పొద్దు వాలుతుండగా వచ్చాడు. ఒళ్ళంతా మసి. మీసం ఒక పక్క కాలిపోయింది.

“మంట ఆరిందే, తోటలు దక్కాయి,” అన్నాడు బొంగురు గొంతుతో.

తిట్టడానికి నోరు తెరిచిన వరహాలమ్మ, ఆ సగం మీసం చూసి మూసుకుంది. చెంబుతో నీళ్ళు పోస్తూ, “సరిగ్గా కడుక్కో. ఆ మీసం మొలిచేదాకా మనం ఎక్కడికీ వెళ్ళట్లేదు,” అంది.

అడవిలో మంట కొండెక్కింది,
మన కథేమో కంచి బండెక్కింది,
నువ్విక నిద్ర బండెక్కు తల్లీ!