చొక్కా జేబులో ప్రేమలేఖ

నాటకాలు రాయడం నేర్పే కూర్మనాథంగారికి ఒక అలవాటుంది. ప్రశ్న అడిగితే జవాబు చెప్పరు, పని చెబుతారు. ఆ పని చేసినవాడు బాగుపడ్డాడో చెడిపోయాడో తర్వాత విచారించరు కూడా.

ఒకనాడు శిష్యుడు భుజంగరావు అడిగాడు. "నా నాయిక రాసిన ప్రేమలేఖ వేదిక మీద చదువుతుంటే ఆడవాళ్లు నవ్వుతున్నారండీ. మగవాణ్ణి, ఆడమనసు నాకెలా పట్టుబడుతుంది?"

గురువుగారు ఆ ఉత్తరాన్ని తమ కూతురి చేత గుండ్రటి అక్షరాలతో తిరగరాయించి అతని చేతికిచ్చారు. "చొక్కా జేబులో మర్చిపోయినట్టు పెట్టి ఉతుక్కి వెయ్యి. మీ ఆవిడ నమ్మితే నీ నాయిక బతికినట్టే."

భుజంగరావుకి పెళ్లయి ఎనిమిది నెలలు. భార్య హేమావతి అంటే ప్రాణం. కాపురం కూలుతుందేమోనని భయపడ్డాడు. కానీ రాసేవాడి యావ ఉంది చూశారూ, అది కాపురాన్ని కూడా లెక్కచెయ్యదు. వేసేశాడు.

సాయంత్రానికి చొక్కా తీగ మీద ఆరుతోంది. హేమావతి మామూలుగానే కాఫీ ఇచ్చింది. కళ్లు ఎర్రబడలేదు, గిన్నెలు మోగలేదు. ఈ నెమ్మది వెనక ఏముందోనని అతనికి అనుమానం పట్టుకుంది. ఆగలేక, జేబులో కాగితమేమైనా ఉందా అని తనే అడిగేశాడు.

"ఆ ఉత్తరమా? కిటికీలో పెట్టాను. ఎవరో మగాడు ఆడపేరు పెట్టుకుని మిమ్మల్ని ఆటపట్టిస్తున్నాడు," అంది నవ్వుతూ. "తన పేరు, నాన్న పేరు, వీధి పేరు, అన్నీ రాసేసింది మహాతల్లి! నిజంగా ఆడపిల్లే రాస్తే అసలు పేరే ఉండదు. చివర 'చదివి చింపెయ్యండి' అని మాత్రం ఉంటుంది."

ఆ పేర్లన్నీ ప్రేక్షకులకి తెలియాలని ఇరికించింది అతనే. ఆ సంగతి, అసలు తన నాటకం సంగతే, ఆ క్షణాన మర్చిపోయాడు.

"అవన్నీ నీకెలా తెలుసు?" అన్నాడు.

హేమావతి నవ్వు ఆగిపోయింది. పాలు పొంగుతున్నాయంటూ లోపలికి వెళ్లిపోయింది. పొయ్యి మీద పాలు లేవని అతనికి తెలుసు.

మర్నాడు పొద్దున్నే గురువుగారి ఎదుట కూర్చున్నాడు. నాటకం ఊసే ఎత్తలేదు. "పెళ్లికి ముందు ఎవరికో రాసే ఉంటుందండీ. లేకపోతే ఎలా తెలుస్తుంది? వాడు తిరిగిచ్చేసిన ఉత్తరాలుంటాయేమోనని, పుట్టింటి నుంచి తెచ్చుకున్న ట్రంకుపెట్టె అడుగుదాకా వెతికాను. ఏమీ దొరకలేదు."

కూర్మనాథంగారు అతనివైపు జాలిగా చూశారు.

"నువ్విలా వెతుకుతావనేగా నాయనా, చింపెయ్యమని రాసేది," అన్నారు.