పూజలందుకున్న తుపాకీ

నల్లమల అడవి అంచున ఒక ఒంటరి కొండ మీద, పోలీసుల వైర్‌లెస్ గదికి కాపలాగా మద్దిలేటి అనే కానిస్టేబుల్ ఉండేవాడు. మనిషి మంచివాడే, గురి కూడా గొప్పదే, కానీ చచ్చినా "నాకు తెలియదు" అని మాత్రం అనేవాడు కాదు.

ఆ కొండ మీద ఏముందని? ఒక రేకుల గది, ఒక ఇనుప స్తంభం, ఒక వైర్‌లెస్ సెట్టు. అంతే. జిల్లా పోలీసుల మాటలన్నీ ఆ స్తంభం మీదుగానే పోయేవి. దొంగతనాలు, జాతరల బందోబస్తులు, అధికారుల కేకలు, అన్నీ మద్దిలేటి చెవిన పడేవి. అతనితో మాట్లాడేవాళ్ళే లేరు. రోజూ పొద్దున కంట్రోల్ రూము నుంచి "కొండ మీద అంతా సరేనా?" అని అడిగేవారు. "సరే సార్" అనేవాడు. ఆ రోజుకు మాటలు అయిపోయినట్టే. తోడుగా ఉన్న ఇంకో కానిస్టేబుల్‌ బదిలీ మీద వెళ్ళిపోయాడు. అతని బదులు ఇంకొకరిని పంపుతాం, పంపుతాం అన్నారు. ఎవరొస్తారండీ ఆ కొండకు?

వచ్చేది ఒక్క ఉసేనమ్మే. కొండ కింది ఊరావిడ. ముసలి ప్రాణమే గానీ నోరు మాత్రం పదహారేళ్ళది. రెండు గాడిదల మీద నీళ్ళ క్యాన్లు వేసుకుని, రోజు మార్చి రోజు కొండెక్కేది. మద్దిలేటి ఆమెను అవ్వా అని పిలిచేవాడు. ఆమె వచ్చే రోజు పొద్దున్నే తల దువ్వుకుని, దారి వైపే చూస్తూ కూర్చునేవాడు. ఆమె దిగిపోతుంటే గాడిదల మెడలో గంటలు వినబడినంతసేపూ గుమ్మంలోనే నిలబడేవాడు. ఆ చప్పుడు ఆగిపోయాక అంత మగాడికీ ఏడుపొచ్చేది.

ఆ ఏడు వానాకాలంలో జిల్లా పోలీసులకు కొత్త తుపాకులు వచ్చాయి. పాతవాటికి గుండు గుండుకూ చేత్తో వెనక్కి లాగాలి. ఇవి అలా కాదు. ఒక గుండు పేలితే ఆ ఊపుకే రెండోది తనంతట తానే వచ్చి కూర్చుంటుంది. సెమీ ఆటోమేటిక్ రైఫిళ్ళన్నమాట. కార్ఖానాలో తయారై నేరుగా వచ్చాయి. తుప్పు పట్టకుండా లోపలా బయటా దట్టంగా గ్రీజు పూసి, మైనం కాగితం చుట్టి పంపారు.

ఆయుధాల మరమ్మతులు చూసే హెడ్ కానిస్టేబుల్ దస్తగిరి అందరినీ పరేడ్ మైదానంలో కూర్చోబెట్టాడు. నేల మీద దుప్పటి పరిచి, ఒక తుపాకీని ముక్క ముక్కగా విప్పి చూపించాడు.

"కొత్తది కదా అని మురిసిపోకండి. కొత్తదానికే పని ఎక్కువ. ఈ గ్రీజు లోపల అలాగే ఉంటే చలికి గడ్డకడుతుంది. గుండును కొట్టే పిన్ను కదలదు. ముందు అంతా విప్పాలి. గ్రీజంతా తుడవాలి. పలచగా నూనె రాసి బిగించాలి. ఆ తర్వాత కూడా వారం వారం ఇదే పని" అన్నాడు.

ఎల్లప్ప అనే కొత్త కానిస్టేబుల్ చేయెత్తాడు. "అన్నా, ఆ స్ప్రింగు కాడ మళ్ళీ ఒకసారి" అన్నాడు. దస్తగిరి మళ్ళీ చూపించాడు. ఎల్లప్ప ఇంకోసారి అడిగాడు.

ఆ ఒక్క రోజుకు కొండ మీద ఇంకొకరిని కాపలా ఉంచి వచ్చి, వెనక వరుసలో కూర్చున్న మద్దిలేటి ఊరుకుంటాడా? "ఒరే ఎల్లప్పా, తుపాకీ విప్పడం కూడా రాకపోతే కట్టె పట్టుకుని కాకుల్ని తోలుకోరా!" అన్నాడు. అందరూ గొల్లుమన్నారు. ఎల్లప్ప తల దించుకున్నాడు. ఏ మాటకామాటే చెప్పుకోవాలి, మద్దిలేటికి కూడా ఏమీ బుర్రకెక్కలేదు. ఎగతాళి చేసే ధ్యాసలో పడి, చూడాల్సింది చూడనేలేదు.

"మద్దిలేటీ, నీకు అర్థమైందా? కొండ మీద చెప్పేవాడుండడు" అన్నాడు దస్తగిరి.

"నాకెందుకు అర్థం కాదన్నా!" అన్నాడు మద్దిలేటి, మీసం దువ్వుకుంటూ. ఇప్పుడు కాదంటే ఆ నవ్వులన్నీ తన మీదికి తిరుగుతాయి మరి.

కొండ మీదికి వెళ్ళాక మైనం కాగితం తీసి, తుపాకీని ఒళ్ళో పెట్టుకున్నాడు. అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. ఒక సీల నొక్కాడు. లోపల ఏదో కిర్రుమంది. పై మూత కాస్త లేచింది. స్ప్రింగు ఎగిరి ఏ పొదలోనో పడితే? విప్పినదాన్ని మళ్ళీ బిగించలేకపోతే? ముక్కలన్నీ మూటగట్టుకుని కొండ దిగాల్సి వస్తే? గబగబా మూత నొక్కేశాడు. సెట్టు పక్కనే ఉంది. దస్తగిరిని పిలిచి అడగొచ్చు. కానీ సెట్టులో ఒక్క మాటంటే జిల్లా అంతా వింటుంది. ఎల్లప్ప కూడా వింటాడు.

"నిన్న మొన్న పుట్టిన తుపాకీ. దీనికేం రోగం?" అని పైకే అనుకున్నాడు. వినేవాళ్ళు లేరు కాబట్టి కాదనేవాళ్ళూ లేరు.

దస్తగిరి మరిచే మనిషి కాదు. వారం వారం సెట్టులో అడిగేవాడు. "కొండ మీది ఆయుధం తుడిచావా?"

"తుడిచానన్నా."

అది పూర్తిగా అబద్ధమూ కాదు. తుడిచేవాడు, పైపైన. గొట్టం మీద తన మీసం కనబడేలా తుడిచేవాడు. పైన పటారం, లోన లొటారం. మాట్లాడే దిక్కులేక ఆ తుపాకీతోనే మాట్లాడేవాడు. "ఇవాళ గాలి ఎక్కువగా ఉంది కదే? చలేస్తోందా?" అనేవాడు. తన పాత కంబళి దానికే కప్పేవాడు.

ఒకసారి ఉసేనమ్మ అది చూసి పగలబడి నవ్వింది. "ఏంది నాయనా, తుపాకితో ముచ్చట్లు పెడ్తా ఉండావు? పెండ్లి జేసుకోరాదూ?"

"నీలాంటిది దొరికితే చేసుకుంటానవ్వా."

"నా మాదిరిది దొరికితే, ఈ రెండు గాడిదలకు నువ్వు మూడోదానివి అయితావు!"

మద్దిలేటి కూడా నవ్వాడు. ఆమె దిగిపోయాక ఆ మాటే తలచుకుని మళ్ళీ ఒక్కడే నవ్వుకున్నాడు. ఒక్కడే నవ్వుకుంటే ఆ నవ్వు ఎంతసేపు నిలుస్తుంది? కాసేపటికే ముఖం వాడిపోయింది.

దసరా వచ్చింది. పోలీసులకు ఆ రోజు ఆయుధ పూజ. ఏటా పరేడ్ మైదానంలో తుపాకులన్నీ వరసగా పేర్చి, దండలు వేసి, గుమ్మడికాయ కొట్టేవారు. మద్దిలేటి ఎప్పుడూ ముందు వరుసలోనే ఉండేవాడు. ఈసారి కాపలాకు బదులు మనిషి లేక, ఆ సందడి సెట్టులోనే విన్నాడు. ఈ స్టేషన్ ఆ స్టేషన్‌కు పండగ శుభాకాంక్షలు చెప్పింది, ఆ స్టేషన్ ఇంకో స్టేషన్‌కు చెప్పింది. ఆ శుభాకాంక్షలన్నీ తన స్తంభం మీదుగానే పోయాయి. కొండకు చెప్పాలని ఎవరికీ తోచలేదు.

లేచి స్నానం చేశాడు. తుపాకీని పీట మీద పెట్టాడు. అందరూ ఒక బొట్టు పెట్టి ఊరుకుంటారు. మద్దిలేటి అలా ఊరుకోలేదు. పసుపు ముద్ద చేసి ఒళ్ళంతా పూశాడు. గంధం పట్టించాడు. తడి కుంకుమ సందుసందునా అద్దాడు. కొబ్బరికాయ కొట్టి, ఆ నీళ్ళు పైన చిలకరించాడు. కర్పూరం వెలిగించి కళ్ళు మూసుకున్నాడు.

"అమ్మా, నాకు దీన్ని విప్పడం రాదు. నువ్వే చూసుకో తల్లీ" అన్నాడు గొంతు తగ్గించి.

చూశారా, మనుషులకు చెప్పలేని మాట దేవతకు చెప్పుకున్నాడు. చెప్పుకోగానే మనసు తేలికపడింది. అక్కడే వచ్చింది చిక్కంతా. భయం ఉన్నంతకాలం ఏదో ఒక రోజు అడిగేవాడేమో. ఇప్పుడు ఆ భయం కూడా పోయింది.

ఆ పొద్దే ఉసేనమ్మ వచ్చింది. కొబ్బరి ముక్కలు కొంగులో వేసుకుని, తుపాకీ చుట్టూ తిరిగి చూసింది.

"పూజ బాగానే జేసినావు. ఇంతకీ ఇది పేలుతుందా?"

"పేలకేమవ్వా! కొండ దద్దరిల్లుతుంది."

"అట్లయితే నాకు దిగులు లేదు. సీతాఫలాలు పండినాయి గదా, ఎలుగొడ్లు తిరుగుతా ఉండాయి. ఊర్లో వాళ్ళు వద్దంటా ఉండారు. పైన పోలీసు నాయన ఉండాడు, తుపాకి ఉంది, నాకేమని వస్తా ఉండా."

ఒక్క క్షణం మద్దిలేటి నోటిదాకా వచ్చింది నిజం. అవ్వ కూడా రావడం మానేస్తే? "నేనుండగా నీకేం భయం?" అన్నాడు. ఎంత మేకపోతు గాంభీర్యమో!

పూజ బొట్లు తుడిస్తే అపచారమని వాటిని అలాగే ఉంచేశాడు. కొండ మీద మంచు మొదలైంది. తడిసి, ఆరి, మళ్ళీ తడిసి పసుపూ కుంకుమా సందుల్లోంచి లోపలికి దిగాయి.

ఒక పొద్దున ఉసేనమ్మ రావాల్సిన వేళకు గాడిదలు ఒకటే ఓండ్ర పెట్టాయి. ఆ వెంటనే "నాయనా!" అని కేక వినబడింది. మద్దిలేటి తుపాకీ అందుకుని పరుగెత్తాడు. దారి మలుపులో సీతాఫలం పొదల మధ్య ఎలుగుబంటి రెండు కాళ్ళ మీద లేచి నిలబడింది. దాని ముందు ఉసేనమ్మ బండరాయికి ఆనుకుని ఉంది. తప్పుకోవడానికి చోటు లేదు.

"పేల్చు నాయనా, పేల్చు!" అని అరిచింది.

గాలిలోకి ఒక్క గుండు పేలిస్తే చాలు, ఆ చప్పుడుకు జంతువు పారిపోయేది. మద్దిలేటి తుపాకీ ఆకాశానికెత్తి ట్రిగ్గర్ నొక్కాడు. లోపల మెత్తగా ఏదో కదిలినట్టయింది. అంతే. మళ్ళీ నొక్కాడు. పక్కనున్న మీట పట్టి లాగాడు. అది సగం దూరం వచ్చి, అక్కడే బిగుసుకుపోయింది. ఎలుగుబంటి ఉసేనమ్మ మీద పడింది.

అప్పుడు మద్దిలేటి ప్రాణానికి తెగించాడు. తుపాకీని తిరగేసి దుడ్డుకర్రలా పట్టుకుని, అరుస్తూ జంతువు మీదికి దూకాడు. అది అతని భుజం చీల్చింది. అతను కొట్టడం ఆపలేదు. చివరికి అది గుర్రుమంటూ పొదల్లోకి వెళ్ళిపోయింది. అతను సెట్టు దగ్గరికి పాకి, జిల్లా అంతా వినేలా ఏడుస్తూ సాయం అడిగాడు. ఊరివాళ్ళు మంచం మీద ఉసేనమ్మను కిందికి దించారు. ప్రాణం దక్కింది. ఒక కన్ను పోయింది. కుడి చెయ్యి పైకి లేవకుండా పోయింది.

విచారణకు ఇన్‌స్పెక్టరు, ఆయనతో పాటు దస్తగిరి కొండెక్కారు. దస్తగిరి దుప్పటి పరిచి తుపాకీ విప్పాడు. లోపల గ్రీజు, పసుపు, కుంకుమ కలిసి ఎర్రటి ముద్దయి గడ్డకట్టాయి. పిన్ను అందులో ఇరుక్కుని ఉంది. ఇన్‌స్పెక్టరు కట్టుకట్టిన మద్దిలేటి భుజం వైపు చూశాడు. జాలిపడ్డాడు.

"కొత్త సరుకు కదా. తయారీలోనే ఏదో లోపం ఉందందాం" అన్నాడు.

తప్పించుకునే దారి అదిగో, తలుపులు బార్లా తెరుచుకుని ఉంది. మద్దిలేటి తల ఊపితే చాలు. ఊపలేదు.

"తుపాకీలో లోపం లేదు సార్. నాకు దీన్ని విప్పడం రాదు. ఎప్పుడూ విప్పలేదు" అన్నాడు.

దస్తగిరి చేతిలో గుడ్డ ఆగిపోయింది. "ఆ రోజే రాదని అంటే ఇంకోసారి విప్పి చూపేవాణ్ణి కదరా. నాకేం నొప్పి?"

"అందరూ నవ్వుతారనుకున్నానన్నా."

"నవ్వేవాళ్ళమే. నవ్వి, నేర్పేవాళ్ళం."

మద్దిలేటికి శిక్ష పడింది. జీతంలో కోత పడింది, ఇంకా కొంతకాలం ఆ కొండ మీదే ఉండమన్నారు. భుజం మానాక అతను ఉసేనమ్మ గుడిసెకు వెళ్ళాడు. ఆమె గడపలో కూర్చుని ఉంది. గాడిదలు లేవు, అమ్మేసింది. మద్దిలేటి ఆమె కాళ్ళ దగ్గర కూర్చుని, ఏదీ దాచకుండా అంతా చెప్పాడు. తిడుతుందనుకున్నాడు. తిట్టలేదు.

"నీకు రాదని నాకొక్క మాట చెప్పింటే, ఊర్లో నలుగురితో కలిసి ఎక్కుదును గదా నాయనా. నీ తుపాకిని నమ్ముకోని ఒక్కదాన్నే వస్తి" అంది.

మద్దిలేటి లేచి కొండ దారి పట్టాడు.

ఇప్పుడు నీళ్ళ క్యాన్లు ట్రాక్టరు కొండ కిందే దించిపోతుంది. మద్దిలేటే వాటిని భుజాన వేసుకుని ఎక్కుతాడు. దస్తగిరి దగ్గర ఎల్లప్ప పక్కనే కూర్చుని పని నేర్చుకున్నాడు. కళ్ళు మూసుకుని తుపాకీ విప్పి బిగించగలడు. విప్పిన ముక్కలు దుప్పటి మీద తళతళా మెరుస్తుంటాయి. చూసి నవ్వించడానికి ఆ దారిన మనిషన్నది రాదు.

పిల్లలూ, తెలియదని ఒప్పుకుంటే పోయేది కాసేపు మన పరువు. తెలుసని నటిస్తే పోయేది మనల్ని నమ్ముకున్నవాళ్ళ బతుకు. నవ్వేవాళ్ళను నవ్వనివ్వండి, తెలియనిది మాత్రం అడిగి నేర్చుకోండి.